గన్ చూపిన అంకె పక్కన ఏం రాయాలి? గోదావరి డెల్టాలో కుర్ర పిచర్‌ను అంచనా కట్టే పద్ధతి

2023 ఏప్రిల్‌లో జపాన్‌లోని సోకాలో, అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అంతకుముందున్న రికార్డు 2013లో మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట నమోదైన 493. ఈ రెండూ కొలత కోసమే ఏర్పాటు చేసిన చోట, షటిల్ రాకెట్‌ను వదిలిన మరుక్షణంలో తీసిన అంకెలు. ఆట జరుగుతుండగా నమోదైన వాటిలో తరచుగా ఉదహరించేది డెన్మార్క్ ఆటగాడు మాడ్స్ పీలర్ కోల్డింగ్ 2017లో మన దేశంలోనే, ప్రీమియర్ బాడ్మింటన్ లీగ్‌లో కొట్టిన 426. షటిల్‌ను గాలి ఎంత త్వరగా నిలువరిస్తుందంటే, నెట్ దాటి అవతలి ఆటగాడిని చేరేసరికి మొదటి వేగంలో కొద్ది వంతే మిగులుతుంది. అందుచేత 565 అన్న అంకెను ఎక్కడ, ఏ క్షణంలో కొలిచారో తెలిసినవాడికే దాని విలువ తెలుస్తుంది.

చేతిని భుజం మీదుగా తిప్పి కొట్టే, విసిరే ఆటలన్నిటికీ ఈ మాట వర్తిస్తుంది. బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరే పిచర్‌కు మరీను. డెల్టాలో బేస్‌బాల్ వీధి ఆట కాదు. కోతలైన చేలల్లో టెన్నిస్ బంతితో క్రికెట్, ఊరి మధ్య ఖాళీ స్థలంలో వాలీబాల్ ఇక్కడి పిల్లలు చూసి నేర్చుకునే ఆటలు. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ వాళ్లకు పరిచయమయ్యేది ఎక్కువగా బడిలోనే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలలో ఈ రెండింటికీ చోటుంది గనుక, అండర్ 14, 17, 19 విభాగాలకు జట్టు కట్టవలసి వచ్చినప్పుడు వ్యాయామ ఉపాధ్యాయులు మంచి విసురు ఉన్న పిల్లల కోసం వెతుకుతారు. బౌండరీ దగ్గర నుంచి కీపర్ చేతికి బంతిని నేరుగా అందించే ఫీల్డరో, జావెలిన్ విసిరే కుర్రాడో అప్పుడు వారి కంట్లో పడతాడు.

ఇలా వెతకడంలో తప్పేమీ లేదు. 2008లో మన దేశంలో జరిగిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీ నడిచింది ఈ నమ్మకం మీదే. అందులో ముందు నిలిచిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ క్రీడాకారులు. అంతకుముందు బేస్‌బాల్ ఆడి ఎరగరు. గంటకు 87 మైళ్ల, అంటే దాదాపు 140 కిలోమీటర్ల వేగంతో విసిరిన రింకూ విజేత అయ్యాడు. అదే ఏడాది నవంబరులో అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. పటేల్‌ను రెండేళ్లకు వదులుకున్నారు. రింకూ మైనర్ లీగ్‌లలో మరికొన్నేళ్లు కొనసాగి, మోచేతికి శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చి, అక్కడి అగ్రస్థాయి అయిన మేజర్ లీగ్ మెట్టు ఎక్కకుండానే ఆ ఆట నుంచి తప్పుకున్నాడు. 87 అన్న అంకె వాళ్లను ఒప్పందం దాకా తీసుకెళ్లింది. ఆ తరువాత ఏమవుతుందో చెప్పడానికి అవసరమైన సమాచారం ఆ అంకెలో లేదు.

పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాడి విషయంలో ఈ లోటు ఇంకా పెద్దది. ఒక రోజు సెలక్షన్లలో వేగం కొలిచే స్పీడ్ గన్ చూపిన గరిష్ఠ వేగం, తీయగలిగిన కొలతలన్నిటిలోకీ తక్కువగా పనికొచ్చేది. దాన్ని ఎలా కొలిచారు, ఏ బంతితో కొలిచారు, ఆ కుర్రాడి ఒళ్లు ఎదుగుదలలో ఏ దశలో ఉంది, ఆ వారంలో ఆ చేయి ఎంత పని చేసింది అన్న వివరాలు పక్కన రాసి ఉంటే, మూడు నెలల తరువాత అదే పద్ధతిలో తీసిన మరో అంకె దాని కింద చేరితే, అప్పుడది అంచనాకు అక్కరకొస్తుంది. ఇందుకు కావలసినవి ఖరీదైన పరికరాలేమీ కావు; ఒక నోటుపుస్తకం, ఒక టేపు, ఒక ఫోను చాలు.

గన్ ఎక్కడ నిలబడింది

స్పీడ్ గన్, రోడ్ల మీద పోలీసులు వాహనాల వేగం పట్టే రాడార్ లాంటిదే. తన వైపు వచ్చే వస్తువును తాకి వెనక్కి వచ్చిన తరంగాలలో కలిగే తేడాను బట్టి, అంటే డాప్లర్ సూత్రం మీద, అది వేగాన్ని లెక్కగడుతుంది. 1970ల నడిమిలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ బేస్‌బాల్ కోచ్ డానీ లిట్‌వైలర్, పోలీసుల రాడార్‌ను చూసి ఇది పిచర్లకు పనికిరాదా అని ఆలోచించిన తరువాతనే అది మైదానంలోకి వచ్చింది.

చేతిని వదిలిన బేస్‌బాల్, బ్యాటర్ పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేట్ చేరేలోగా గాలి అడ్డు వల్ల తన వేగంలో 8 నుంచి 10 శాతం దాకా కోల్పోతుంది. చేతి దగ్గర 150 ఉన్నది ప్లేట్ దగ్గర 137 ప్రాంతంలో ఉంటుంది. 1974లో మేజర్ లీగ్ పిచర్ నోలన్ రయన్ పేరిట నమోదైన గంటకు 100.9 మైళ్లు బంతి దాదాపు ప్లేట్ దాకా వచ్చాక తీసిన కొలత. 2010 సెప్టెంబరులో మరో పిచర్ అరోల్డిస్ చాప్‌మన్ విసిరిన బంతికి ఆ రోజు 105.1 మైళ్లు అని ప్రకటించారు. తరువాతి కాలంలో కొలిచే చోటును బంతి చేతిని వదిలే బిందువుకు జరిపి పాత లెక్కలను సవరించినప్పుడు ఆ బంతే 105.8 అయింది. విసిరింది ఒక్కసారే అయినా అంకెలు రెండు వచ్చాయి. ప్రపంచంలోకెల్లా ఖరీదైన పరికరాలున్న చోటనే ఇంత తేడా వస్తున్నప్పుడు, అరువు తెచ్చిన గన్‌తో తీసిన అంకెలో దశాంశ స్థానాల దాకా పోట్లాడుకోవడం దండగ.

బడి మైదానాల్లో మరో చిక్కుంది. గన్ పట్టుకున్న మనిషి బంతి వచ్చే దారికి సూటిగా, అంటే బ్యాటర్ వెనక బంతి అందుకునే క్యాచర్ వెనకనో పిచర్ వెనకనో నిలబడాలి. క్యాచర్ వెనక అడ్డంగా వల కట్టి ఉండే మైదానాలు మన వైపు అరుదు గనుక, బంతి తప్పిపోయి ముఖానికి తగులుతుందన్న భయంతో మనిషి సహజంగానే పక్కకు జరుగుతాడు. పది డిగ్రీల పక్కకు జరిగితే అంకెలో ఒకటిన్నర శాతమే తగ్గుతుంది, దాన్ని పట్టించుకోనక్కరలేదు. 20 డిగ్రీలకు 6 శాతం, 30 డిగ్రీలకు 13 శాతం పైగా తగ్గుతుంది. గంటకు 120 కిలోమీటర్లతో వచ్చిన బంతిని గన్ 20 డిగ్రీల పక్క నుంచి 113 అంటుంది, 30 డిగ్రీల నుంచి 104 అంటుంది. కోణం వల్ల వచ్చే ఈ పొరపాటు ఎప్పుడూ తగ్గించే చూపుతుంది. అమలాపురంలో పక్క నుంచి కొలిచిన కుర్రాడినీ, భీమవరంలో వెనక నుంచి కొలిచిన కుర్రాడినీ ఒకే కాగితం మీద వరస పెడితే, మొదటివాడు బంతితో నిమిత్తం లేకుండానే ఓడిపోయి ఉంటాడు.

గన్ లేకపోయినా పని ఆగదు. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ సౌకర్యం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. పిచర్ పాదం ఆనించే పిచింగ్ రబ్బరు పట్టీ నుంచి ప్లేట్‌కు దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. కుర్రాడు ముందుకు అడుగు వేసి, ఒంగి బంతిని వదిలేసరికి అందులో సుమారు 1.7 మీటర్లు తరుగుతుంది, మిగిలింది 16.7 మీటర్లు అనుకుందాం. ఫోనును స్టాండు మీద పెట్టి, వేళ్ల నుంచి బంతి విడిపోయిన ఫ్రేము, ప్లేట్ మీదికి వచ్చిన ఫ్రేము రెండూ కనిపించేంత దూరం నుంచి పక్కగా తీయాలి. మధ్యలో 132 ఫ్రేములు గడిచాయంటే ప్రయాణానికి 0.55 సెకను పట్టింది, 16.7ను 0.55తో భాగిస్తే సెకనుకు 30.4 మీటర్లు, గంటకు 109 కిలోమీటర్లు. ఇది దారి పొడుగునా సగటు వేగం. చేతి దగ్గరి వేగం దీనికంటే నాలుగైదు శాతం ఎక్కువ, అంటే 114 ప్రాంతం. ఒక ఫ్రేము అటూ ఇటూ లెక్కపెట్టినా తేడా ఒక్క కిలోమీటరు లోపే. అదే మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములే ఉంటాయి గనుక, ఆ బంతి 16 ఫ్రేములు అనుకుంటే 113, 17 అనుకుంటే 106 అవుతుంది. ఆ వీడియోతో లెక్కగట్టి ఎవరినీ ఎంపిక చేయకూడదు. దూరాన్ని టేపుతో కొలిచి రాయడం మరిచిపోవద్దు. అడుగులతో వేసిన 18 మీటర్లు చాలాసార్లు 17కు దిగుతాయి.

గరిష్ఠం బదులు పది బంతులు వేయించి, వాటిని పెద్దవి చిన్నవి వరసలో రాసి నడిమి అంకెను తీసుకోవడం మేలు. దాంతో పాటు అన్నిటికంటే పెద్ద దానికీ చిన్న దానికీ ఉన్న తేడాను కూడా రాయాలి. 108 నుంచి 112 మధ్య పది బంతులు వేసినవాడూ, 98 నుంచి 116 దాకా వేసినవాడూ ఒకే రకం పిచర్లు కారు. గరిష్ఠాన్ని మాత్రమే రాసే పట్టికలో రెండోవాడే ముందుంటాడు. పిల్లలు కూడా పట్టిక ఏది అడిగితే అదే ఇస్తారు. గరిష్ఠాన్ని అడిగితే ఒళ్లు విరుచుకుని ఒక్క బంతి వేస్తారు.

బంతి, దిబ్బ, చెమ్మ

బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాముల మధ్య ఉండాలి. క్రికెట్ బంతి అంతకంటే కొంచెం చిన్నదైనా 156 నుంచి 163 గ్రాముల బరువు ఉంటుంది. టెన్నిస్ బంతి 60 గ్రాములకు లోపే. సాఫ్ట్‌బాల్ వీటన్నిటికంటే పెద్దది, బరువైనది. బడి క్రీడా సామగ్రి పెట్టెలో ఇవన్నీ కలిసే ఉంటాయి, కొన్ని బంతుల మీద అచ్చు కూడా చెరిగిపోయి ఉంటుంది. వీధి చివరి కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి ఎన్ని గ్రాములో చూసి రాసుకోవడం అర నిమిషం పని. తోలు, లోపలి నూలు చెమ్మను పీల్చుకుంటాయి కాబట్టి బంతిని నిలవ ఉంచే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో కొలరాడోలోని కూర్స్ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానంలో పొడి గాలి వల్ల బంతులు ఎండిపోకుండా 2002లో వాటిని తేమ గదిలో ఉంచడం మొదలుపెట్టారు. 2022 నుంచి మేజర్ లీగ్ మైదానాలు ముప్ఫైలోనూ అదే పద్ధతి. కోనసీమలో సమస్య దానికి ఎదురు. మూత పెట్టిన డబ్బాలో ఉప్పు కూడా నీరుగారే వానాకాలంలో, స్టోరు గదిలో మూణ్ణెల్లు పడి ఉన్న బంతి వేసవిలో కొలిచిన బంతి కాదు.

పిచర్ నిలబడి విసిరే మౌండ్ అనే మట్టి దిబ్బ ఎత్తు 1969 నుంచి 10 అంగుళాలు. అంతకుముందు 15 ఉండేది. ముందుకు అడుగుకు ఒక అంగుళం చొప్పున వాలు ఉంటుంది. చదును నేల మీద వేసిన వేగాన్నీ దిబ్బ మీద వేసిన వేగాన్నీ ఒకే వరసలో రాయకూడదు. మన ఒండ్రు నేలలో బంకమన్నుకు కొరత లేదు, అమెరికాలో కూడా దిబ్బలకు బంకమన్ను కలిపిన మట్టినే వాడతారు. కాకపోతే ఎండకు నెర్రెలు విచ్చి, చిన్న జల్లుకు జారుడుగా మారే ఆ మట్టికి కొంత ఇసుక కలిపి, తడిపి, దిమ్మిస కొట్టి నిలబెట్టాలి. ముందు కాలు పడే చోట జారుతుంటే కుర్రాడు తెలియకుండానే అడుగు పొట్టి చేసుకుంటాడు. అప్పుడు తగ్గిన వేగం చేతిది కాదు, నేలది.

ఆ అడుగు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే వేగం ఎక్కడ పుడుతుందో చూడాలి. విసురు వల వేసేవాడు మణికట్టుతో వల విప్పడు; కాళ్లు నిలదొక్కుకుని నడుము తిప్పితే ఆ తిప్పు భుజాలకు, చేతులకు పాకి వల గుండ్రంగా పరుచుకుంటుంది. పిచర్ కదలికా ఇలాంటిదే. ముందు పాదం నేలను పట్టుకున్నాక నడుము ముందుగా తిరుగుతుంది, భుజాలు ఒక క్షణం వెనకబడతాయి, ఆ వెనుకబాటులో నిలవైన బలం చివరికి చేతిని కొరడా ఝళిపించినట్టు ముందుకు లాగుతుంది. పెద్ద పిచర్లలో భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీల దాకా ఉంటుందని ప్రయోగశాలలు కొలిచాయి. అంచనా కట్టేవాడు ఫోను వీడియోలో చేతిని చూడకముందు నడుమూ భుజమూ ఒకేసారి తిరుగుతున్నాయా, విడివిడిగా తిరుగుతున్నాయా అన్నది చూడాలి. రెండూ ఒక్కసారే తిరిగే కుర్రాడు 110 వేస్తున్నాడంటే ఆ వేగానికి చెయ్యే మూల్యం చెల్లిస్తోందని అర్థం. కాళ్లనూ నడుమునూ వాడటం అతనికి నేర్పవచ్చు. పైగా వేగం పెరిగే అవకాశం మిగిలి ఉన్నది అతనికే.

బంతి తిప్పు గురించి రెండు ముక్కలు. మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ నిమిషానికి సుమారు 2,300 సార్లు తిరుగుతుంది, ఆ తిప్పు వల్లే అది బ్యాటర్ అనుకున్నంతగా కిందికి దిగదు. పిల్లల్లో వేగం పెరిగితే తిప్పు కూడా దాంతో పాటు పెరుగుతుంది కాబట్టి, దాన్ని కొలిచే యంత్రం కోసం ఈ వయసులో చందాలు వసూలు చేయనక్కరలేదు. సముద్ర మట్టానికి అంతగా ఎత్తు లేని డెల్టాలో గాలి దట్టంగా ఉంటుంది. డెన్వర్ లాంటి మిట్ట నగరంలో కంటే వంపు బంతులు ఇక్కడ బాగా తిరుగుతాయన్నది మాత్రం గుర్తుంచుకోదగ్గ చిన్న లాభం.

సర్టిఫికెట్ వయసు, ఎముకల వయసు

పిల్లవాడిని బళ్లో వేసేటప్పుడు వయసు సరిపోవాలని జూన్ నెలలో ఒక తేదీ పుట్టినరోజుగా రాయించే అలవాటు పల్లెల్లో చాలాకాలం ఉంది. ఇప్పుడు జనన ధ్రువపత్రాలు వచ్చి ఆ అలవాటు తగ్గింది గానీ, వయసు విభాగాల పోటీలలో అనుమానం పూర్తిగా పోలేదు. క్రికెట్ బోర్డు అండర్ 16 పిల్లలకు మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు చూసే టీడబ్ల్యూ3 పరీక్ష చేయించేది ఇందుకే. అయితే మోసం ఏమీ లేని చోట కూడా సర్టిఫికెట్ వయసు తప్పుదారి పట్టిస్తుంది. మగపిల్లల్లో ఎత్తు అతి వేగంగా పెరిగే దశ సగటున పద్నాలుగో ఏట వస్తుంది. కొందరికి పన్నెండుకే వస్తుంది, కొందరికి పదహారు దాకా రాదు.

ఉదాహరణకు పద్నాలుగేళ్ల ఇద్దరిని తీసుకుందాం. ఒకడు 172 సెంటీమీటర్ల ఎత్తు, నూనూగు మీసాలు, గొంతు మారింది, 112 వేస్తున్నాడు. రెండోవాడు 157 సెంటీమీటర్లు, గొంతు ఇంకా లేతగానే ఉంది, 101 వేస్తున్నాడు. సెలక్షన్ల రోజున ఎవరు ఎంపికవుతారో చెప్పనక్కరలేదు. ఆ వారంలో జరిగే పోటీ గెలవడానికైతే ఆ ఎంపిక సరైనదే. కానీ మొదటివాడి ఎదుగుదల చాలావరకు అయిపోయింది. రెండోవాడి ముందు పదిహేను సెంటీమీటర్లు, పది పదిహేను కిలోలు ఉండవచ్చు. ఒకే వయసు విభాగంలో ముందు ఎదిగిన పిల్లలే ఎంపికై, వాళ్లకే శిక్షణ, మంచి మైదానం, బయటి పోటీలు దక్కి, ఆలస్యంగా ఎదిగేవాళ్లు ఇంటర్‌కు వచ్చేసరికి ఆట మానేసి కనిపించకుండా పోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అండర్ 17లో పద్నాలుగు దాటినవాడూ పదహారు నిండినవాడూ పక్కపక్కన నిలబడే మన ఎంపికల్లో అది మరింత ముదురుతుంది.

కొత్త ఆటగాళ్లను వెతికే అమెరికా స్కౌట్‌లు 20 నుంచి 80 దాకా ఉండే కొలమానం వాడతారు. దాన్ని బేస్‌బాల్ జట్ల నిర్వాహకుడు బ్రాంచ్ రికీ ప్రవేశపెట్టాడని చెబుతారు. మేజర్ లీగ్ సగటు 50. ప్రతి పది పాయింట్లూ సగటు నుంచి ఒక మెట్టు. కొలమానం కంటే నేర్చుకోదగ్గది దాన్ని నింపే తీరు: ప్రతి నైపుణ్యానికీ ఇప్పుడెంత, ముందు ముందు ఎంత కాగలదు అని రెండు గడులుంటాయి. పైన చెప్పిన ఇద్దరిలో మొదటివాడికి మొదటి గడిలో పెద్ద అంకె, రెండోవాడికి రెండో గడిలో పెద్ద అంకె పడవచ్చు. మన సెలక్షన్ కాగితాల్లో ఒక్క గడే ఉంటుంది.

రెండో గడిని ఊహతో నింపకుండా ఉండేందుకు కొన్ని సూత్రాలున్నాయి. నిలుచున్న ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు, వయసు తీసుకుని ఎదుగుదల దశను అంచనా కట్టే పద్ధతి 2002లో వచ్చింది. తల్లిదండ్రుల ఎత్తును కూడా చేర్చి పిల్లవాడి చివరి ఎత్తును అంచనా వేసే ఖామిస్-రోష్ పద్ధతి 1994 నాటిది. మొదటిది కెనడా, బెల్జియం పిల్లల కొలతల మీద, రెండోది అమెరికాలోని ఒహాయో పిల్లల కొలతల మీద కట్టినవి గనుక, వాటి జవాబును గోదావరి జిల్లాల కుర్రాడికి అక్షరాలా అన్వయించకూడదు. వాటికంటే నమ్మదగినది సొంత పట్టిక. నెలకోసారి, ఒకే గోడకు, ఒకే వేళకు ఎత్తు కొలవాలి. సాయంత్రానికి మనిషి ఉదయం ఎత్తు కంటే సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాడు కాబట్టి ప్రార్థన గంటకు ముందే కొలిచే నియమం పెట్టుకుంటే మంచిది. ఆరు నెలల పట్టికలో నెలకు అర సెంటీమీటరు పెరుగుతున్నవాడు ఒక్కసారిగా సెంటీమీటరు చొప్పున పెరగడం మొదలైతే, ఆ కాలంలో వేగం తగ్గినా గురి చెదిరినా కంగారు పడనక్కరలేదు. చేతులు, కాళ్లు పొడుగైన కొత్త ఒంటికి కదలిక అలవాటు కావాలి. ఆ నెలల్లోనే బంతుల సంఖ్యను తగ్గించాలి కూడా. నిలుచుని దూకే లాంగ్ జంప్, మెడిసిన్ బాల్ విసురు, 30 మీటర్ల పరుగు లాంటి పరీక్షలు ఏడాదికి రెండుసార్లు చాలు. అవి కాళ్ల, నడుము బలాన్ని చెబుతాయి, అంతకుమించి వాటి నుంచి ఆశించకూడదు.

పురికొస గడి

వేగం మీద ఉన్న మోజు గురి మీద ఉండదు, ఎందుకంటే గురిని చూపే గన్ లేదు. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు. బ్రాంచ్ రికీయే డాడ్జర్స్ జట్టు శిక్షణ శిబిరంలో రెండు కర్రల మధ్య తాళ్లు కట్టి, మోకాళ్ల నుంచి గుండె దాకా ఒక చతురస్రం చేసి, పిచర్ల చేత దాని గుండా బంతులు వేయించేవాడు. రెండు వెదురు గెడలు, కొంత పురికొస దొరకని ఊరు డెల్టాలో లేదు. మధ్యలో ఇంకొక తాడు నిలువుగా, మరొకటి అడ్డంగా కడితే నాలుగు గళ్లవుతాయి. ఏ గడిలో వేయమన్నారు, ఏ గడిలో పడింది అని రాస్తూ పోతే ఒక నెలలో వచ్చే చిత్రం ఏ పరికరమూ ఇవ్వనంత స్పష్టంగా ఉంటుంది.

ఒక్క రోజు లెక్క మాత్రం ఇక్కడా మోసం చేస్తుంది. ఇరవై బంతుల్లో 12 స్ట్రైకులు, అంటే ఆ చతురస్రం గుండా పోయిన బంతులు, వేసినవాడు 60 శాతం, 9 వేసినవాడు 45 శాతం అని కాగితం మీద పెద్ద తేడాలా కనిపిస్తుంది. ఇరవై బంతులకు కేవలం అదృష్టం వల్లే 11 శాతం అటో ఇటో జరగడం మామూలు. ఆ ఇద్దరినీ మరో రోజు నిలబెడితే అంకెలు తారుమారు కావచ్చు. రెండు వందల బంతులకైతే ఆ ఊగిసలాట మూడున్నర శాతానికి దిగుతుంది. అప్పుడు 60కీ 45కీ తేడా నిజమైనదని చెప్పవచ్చు. సెలక్షన్ల రోజున రెండు వందల బంతులు వేయించడం ఎవరికీ సాధ్యం కాదు, వేయించకూడదు కూడా. బడిలో నెలల తరబడి రాసిన పుస్తకమే ఆ రెండు వందలను ఇవ్వగలదు. ఎంపిక చేసేవారు ఆ పుస్తకాన్ని అడిగే రోజు వస్తే మైదానంలో జరిగే హడావిడి సగం తగ్గుతుంది.

లెక్కలో పడని విసుర్లు

పెద్ద పిచర్ చేయి వెనక్కి వంగి ముందుకు తిరిగే క్షణంలో మోచేతి లోపలి వైపు పడే మెలిబలం 64 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటుందని 1995 నాటి పరిశోధన కొలిచింది. అక్కడ ఎముకలను కలిపి ఉంచే పట్టీ లాంటి లిగమెంటు ఒంటరిగా అందులో సగం దగ్గరే తెగుతుందని భౌతికకాయాల మీద చేసిన పరీక్షలు చెప్పాయి. మిగతా భారాన్ని చుట్టూ ఉన్న కండరాలు మోస్తాయి. కండరాలు అలసిన కొద్దీ లిగమెంటు మీద భారం పెరుగుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ పిచర్ టామీ జాన్‌కు చేసిన శస్త్రచికిత్స ఈ లిగమెంటుకే. పిల్లల్లో లిగమెంటు కంటే ముందు దెబ్బతినేది అది అతుక్కునే చోట ఎముక చివర ఉండే ఎదుగుదల భాగం, గ్రోత్ ప్లేట్. ఇంకా గట్టిపడని మెత్తని చోటు అది.

2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, చేయి అలసిపోయినా తరచూ వేస్తూ పోయిన కుర్ర పిచర్లకు శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం 36 రెట్లు ఎక్కువని, ఏడాదిలో 8 నెలలకు మించి వేసినవారికి 5 రెట్లు ఎక్కువని తేల్చింది. 481 మంది పిల్లలను పదేళ్ల పాటు గమనించి 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటినవారికి తీవ్రమైన గాయాలు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించాయి. వీటి ఆధారంగానే 2014లో ‘పిచ్ స్మార్ట్’ మార్గదర్శకాలు వచ్చాయి: 13 నుంచి 16 ఏళ్ల వారికి రోజుకు 95 బంతులు, 17, 18 ఏళ్ల వారికి 105 మించకూడదు, 14 ఏళ్లు, అంతకు లోపు పిల్లలు 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీ పిచింగ్ మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా భుజం మీదుగా విసరడమే మానాలి. వేగం మీదే గురి పెట్టి ప్రతి బంతినీ శక్తంతా పెట్టి వేయడం గాయాలకు ముఖ్య కారణమని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక కూడా చెప్పింది.

ఈ నియమాలను డెల్టాకు తెచ్చేటప్పుడు ఒక పెద్ద సవరణ అవసరం. ఇక్కడి కుర్రాడు ఒక్క బేస్‌బాలే ఆడడు. మండల స్థాయి, జిల్లా స్థాయి బడి పోటీల రోజుల్లో పొద్దున జావెలిన్ విసురుతాడు, మధ్యాహ్నం బేస్‌బాల్ జట్టులో పిచర్‌గా నిలబడతాడు, సాయంత్రం ఊళ్లో వాలీబాల్ స్మాష్‌లు కొడతాడు. సంక్రాంతికి క్రికెట్ టోర్నమెంట్లు మొదలైతే రోజుకు రెండు మ్యాచ్‌లు బౌలింగ్ చేసి, మిగతా ఓవర్లలో బౌండరీ నుంచి విసురుతాడు. ఒక్కో ఆట లెక్కలో అతను పరిమితి లోపే ఉంటాడు. భుజానికి మాత్రం అన్నీ కలిపి ఒకటే లెక్క. ఏ ఆట మాస్టారు ఆ ఆటకే బాధ్యుడు గనుక ఈ మొత్తాన్ని కూడేవాడు ఎవడూ ఉండడు. స్మాష్‌నూ పిచ్‌నూ సరిసమానంగా లెక్కించడం శాస్త్రీయం కాదు, నిజమే. అయినా భుజం మీదుగా పూర్తి బలంతో చేసిన ప్రతి పనినీ ఒక గీతగా గీసుకునే మోటు లెక్క, ఏ లెక్కా లేకపోవడం కంటే ఎంతో నయం. వారం చివర ఆ గీతలు ఇంటి దగ్గర కుర్రాడి చేతే కూడిస్తే సరిపోతుంది.

అలసట వీడియోలో కూడా దొరుకుతుంది. మొదటి పది బంతులనూ చివరి పది బంతులనూ పక్కపక్కన చూస్తే, చేయి బంతిని వదిలే ఎత్తు దిగిందా, ముందు అడుగు పొట్టిదైందా అన్నది కంటికే తెలుస్తుంది. వేగం కంటే ముందు ఇవి మారవచ్చు. వేగం పడిపోయేదాకా వేచి చూసే కోచ్ అప్పటికే పది పదిహేను బంతులు ఎక్కువ వేయించి ఉంటాడు.

నోటుపుస్తకంలో చివరి గడి నొప్పిది. సెలక్షన్ల ముందు నొప్పి ఉందని ఏ కుర్రాడూ తనంతట తాను చెప్పడు, ‘చెయ్యి ఎలా ఉందిరా’ అని అడిగితే ‘బానే ఉంది మాస్టారూ’ అనే అంటాడు. అడిగే తీరు మార్చాలి: నిన్న వేశాక రాత్రి పడుకున్నప్పుడు మోచేయి లోపలి వైపు సలిపిందా, పొద్దున నీళ్ల బకెట్ ఎత్తినప్పుడు పట్టేసిందా, చేయి పూర్తిగా చాపగలుగుతున్నావా. వీటిలో ఒక్కదానికి అవునన్నా ఆ రోజు బంతి ఇవ్వకూడదు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి. పిల్లల్లో సాధారణంగా రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీసి, బాగున్న చేతితో పోల్చి చూస్తారు. గ్రోత్ ప్లేట్ దగ్గర తేడా కనిపిస్తే చికిత్స చాలాసార్లు కొన్ని వారాల పాటు విసరడం పూర్తిగా మానేయడమే. ఆ వారాల్లో కాళ్ల, నడుము వ్యాయామాలు ఆపనక్కరలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పది పన్నెండు మీటర్ల దూరం నుంచి నెమ్మదిగా విసిరించి, వారం వారం దూరం పెంచుకుంటూ పోయి, దిబ్బ మీదికి ఎక్కించడం ఆ తరువాత. గన్‌తో కొలవడం అన్నిటికంటే చివర.